పంట ఎవరి పేరున రాశారు?

పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత వ్యవసాయాధికారిణి జవాబులు

ప్రశ్న: అమ్మా, మాది ఇరగవరం మండలంలో ఒక ఊరు. నేనూ మా ఆయనా నాలుగెకరాలు మక్తాకు, అంటే ఎకరానికి ఇన్ని బస్తాలని కట్టే కౌలుకు, చేస్తున్నాం. సొంత భూమి సెంటు కూడా లేదు. రెండు పంటలకూ కలిపి ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాలు మక్తా. అన్నీ బాగుంటే సార్వాలో (ఖరీఫ్) ఇరవై ఎనిమిది, దాళ్వాలో (రబీ) నలభై ఐదు బస్తాలు పండుతాయి. ఖర్చు రెండు పంటలకూ ఎకరానికి 67 వేల దాకా అవుతోంది. భూమి గలవారు హైదరాబాదులో ఉంటారు, మంచివారే. పంట వేసింది మేమేనని చూపే కౌలు కార్డు మీద సంతకం పెట్టమంటే మాత్రం "నోటిమాట చాలదా?" అంటారు. ప్రభుత్వం రైతులకు ఎన్నో ఇస్తున్నదని పేపర్లో చదువుతాం. మా ఇంటికి ఏదీ రాదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన లెక్కను ముందు కూడి చూశాను. రెండు పంటలకూ డెబ్బై మూడు బస్తాలు. మక్తా తీసేస్తే మీకు మిగిలేవి నలభై ఐదు. 2025–26 సీజనుకు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే మన 75 కిలోల బస్తాకు 1,777. ప్రతి బస్తాకూ ఆ ధర ముట్టిందనే అనుకుందాం. చేతికొచ్చేది 80 వేలు, ఖర్చు 67 వేలు, మిగులు 13 వేలు. ఎకరానికి, ఏడాదికి! మీ ఇద్దరి రెక్కల కష్టానికి ఆ 67 వేలలో కూలీ వేసుకున్నారో లేదో రాయలేదు. వేసుకుని ఉండరు.

ఇప్పుడు ఒక తుపాను వచ్చి సార్వా పదహారు బస్తాలకు పడిపోయిందనుకోండి. మక్తా ఒక్క బస్తా కూడా తగ్గదు. మిగులు పోగా ఎకరానికి ఎనిమిది వేల పైచిలుకు అప్పు తేలుతుంది. పన్నెండు బస్తాల తేడాతో ఇల్లు తలకిందులు. రుణం, బీమా, మద్దతు ధర, నష్టపరిహారం అన్నీ ఈ పన్నెండు బస్తాల గుంటను పూడ్చడానికి పెట్టినవే. పూడ్చే ముందు అవి చూసేది పేరు.

ఏది ఎవరి పేరు చూస్తుందో విడదీసి చెబుతాను. పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడు విడతల్లో వచ్చే ఆరు వేలు సొంత భూమి ఉన్న కుటుంబాలకే. 2019లో మొదలైనప్పటి నుంచీ అంతే. దాని కోసం తిరగకండి. రాష్ట్రం దానిపై కలిపి ఇచ్చే సొమ్ము పేరూ మొత్తమూ అర్హతలూ ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చాయి. "రైతు భరోసా" రోజుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు చెందిన భూమిలేని కౌలుదారులకు కార్డు ఉంటే ఇచ్చారు. ఇప్పటి "అన్నదాత సుఖీభవ"లో కేంద్రం వాటాతో కలిపి 20 వేలు. మీ అర్హత సంగతి రైతు సేవా కేంద్రంలో అడగండి. కార్డు లేకుండా అడిగితే మాత్రం మాట అక్కడే ఆగిపోతుంది. ఇక పంట రుణం, పంటల బీమా, తుపాను పరిహారం, ధాన్యం కొనుగోలు, ఈ నాలుగూ సాగు చేసినవారికి చెందాలి. మీరు పట్టుబట్టవలసినవి ఇవే.

సంతకం విషయానికి వద్దాం. భూమి గలవారి భయం ఊరికే పుట్టింది కాదు. 1956 నాటి కౌలు చట్టం మన ప్రాంతంలో కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. "కాగితం రాస్తే భూమి పోతుంది" అనే మాట అప్పటి నుంచి తాతల ఆస్తితోపాటు మనవళ్లకు సంక్రమిస్తూనే ఉంది. 2011లో రుణ అర్హత కార్డులు వచ్చినప్పుడూ, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినప్పుడూ గ్రామసభల్లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. 2019 చట్టం ప్రకారం కార్డు గడువు పదకొండు నెలలు. అది పంట మీద హక్కే కాని భూమి మీద హక్కు కాదని చట్టమే చెబుతోంది. నేనూ తణుకు దగ్గర మా మామగారి వాటాగా వచ్చిన మూడెకరాలు కౌలుకు ఇచ్చే మనిషినే. ఏటా సార్వాకు ముందు సంతకం పెడుతున్నాను. భూమి నా పేరునే ఉంది, పాసుపుస్తకం నా బీరువాలోనే ఉంది. ఈ పేజీని ఫోనులో ఫొటో తీసి మీ భూమి గలవారికి పంపండి.

సంతకం పెట్టకపోవడానికి ఇంకో కారణం ఉంటుంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. ఆ భూమి మీద పంట రుణం వారే తీసుకుని ఉంటారు. ఏడు శాతం వడ్డీలో గడువులోగా కట్టినవారికి మూడు శాతం తగ్గుతుంది, అంటే నాలుగు శాతానికి డబ్బు. పొలంలో దిగనివారికి నాలుగు శాతం వడ్డీ, దిగినవారికి నూటికి నెలకు రెండు రూపాయలు! మన డెల్టాలో ఇది ఎంత మామూలైపోయిందంటే, తప్పని చెప్పినవారినే వింతగా చూస్తారు. మీరు ఆ తగవులోకి వెళ్లకండి, సంతకం వరకే అడగండి. ఆ సర్వే నంబర్ల మీద ఇప్పటికే రుణం ఉందని బ్యాంకు మీ దరఖాస్తును తిప్పి పంపవచ్చు. అప్పుడు ఊళ్లో మీలాంటి కౌలుదారులు నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి, ఒకరి అప్పుకు అందరూ పూచీగా ఉండే ఉమ్మడి బాధ్యత గ్రూపుగా వెళ్లండి, తనఖా అడగరు. విడిగా తీసుకునే వ్యవసాయ రుణానికి కూడా 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల వరకు తనఖా అక్కర్లేదు. ఈ మాట బ్యాంకులో మీరే గుర్తు చేయవలసి రావచ్చు.

కార్డు వచ్చినా రాకపోయినా, ఏ పొలంలో ఏ పంట ఎవరు వేశారో రాసుకునే ఈ-పంట నమోదును మాత్రం వదలకండి. గ్రామ వ్యవసాయ సహాయకులు పొలానికి వచ్చిన రోజు మీరు గట్టు మీద ఉండాలి. సాగుదారు అన్న చోట ఎవరి పేరు ఎక్కించారో అప్పుడే అడగండి, వేలిముద్ర వేసి రండి. తర్వాత అభ్యంతరాల కోసం జాబితా ప్రదర్శిస్తారు. అది గోడ మీద ఉన్న వారం ఎవరూ చూడరు, ధాన్యం తోలే వారం అందరూ వెతుకుతారు. అక్కడ భూమి గలవారి పేరుంటే మీ ధాన్యం డబ్బు వారి ఖాతాకే వెళ్తుంది. లేదంటే ఆ చిక్కు పడలేక కళ్లంలోనే వ్యాపారికి తక్కువకు ఇచ్చేస్తారు.

మక్తా గురించి ఒక మాట. ఏ ప్రభుత్వ పథకమూ మీ మక్తాను తగ్గించదు, ఆ పని మీ ఇద్దరి మధ్యే జరగాలి. తుపానుకు మూడో వంతుకు మించి పంట పోయిందని అధికారులు రాస్తే, ఆ పంట మక్తాలో ఎన్ని బస్తాలు తగ్గించాలో ఊడ్పులకు ముందే మాట్లాడుకుని ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. కోతల తర్వాత అడిగితే అది బతిమాలుకోవడమే అవుతుంది.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారు భీమవరం దగ్గర సొంత పొలం చేస్తారు. మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉందని నేనంటే ఆయన నవ్వుతారు. మాలో ఎవరిది నిజం?

జవాబు: బాబూ, ఇద్దరిదీ నిజమే, మీరు చెప్పే ఖర్చు వేరు, ఆయన చెప్పే ఖర్చు వేరు. 2025–26కు కేంద్రం లెక్కగట్టిన వరి సాగు ఖర్చు క్వింటాలుకు 1,579 రూపాయలు. దానికి ఒకటిన్నర రెట్లు వేయండి, పైసలు సర్దితే 2,369 వస్తుంది. విత్తనం, ఎరువు, కూలీ, యంత్రాల బాడుగ, కౌలు చెల్లిస్తే ఆ కౌలు, ఇంటివాళ్లు చేసిన పనికి కూలీ, ఇవన్నీ అందులో ఉన్నాయి. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత స్థిర పెట్టుబడికి వడ్డీ లేవు. స్వామినాథన్ అధ్యక్షతన 2004 నుంచి 2006 దాకా పనిచేసిన జాతీయ రైతు కమిషన్ ఖర్చుపై కనీసం సగం అదనంగా ఉండాలన్నప్పుడు, ఈ రెండూ కలిపిన ఖర్చే లెక్కలోకి తీసుకోవాలని రైతు సంఘాలు అంటాయి. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. పైగా 1,579 దేశమంతటి సగటు. ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాల మక్తా కట్టే మన కౌలుదారుడి ఖర్చు ఆ సగటులో ఎక్కడో కలిసిపోతుంది.

నాన్నగారు నవ్వడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. 2,369 అన్నది తేమ 17 శాతం దాటని ధాన్యానికి, రంగు మారినవీ మొలకెత్తినవీ పుచ్చినవీ కలిపి ఐదు శాతం దాటని ధాన్యానికి. నవంబరులో కోత యంత్రం దించిన గింజలో అంతకంటే బాగా ఎక్కువ తేమే ఉంటుంది. రోడ్డు వార బరకాలు పరిచి, పొద్దున మంచు వీడాక విప్పి, గంటకోసారి కాలితో సాళ్లు తీసి, చీకటి పడేముందు మళ్లీ పోగుచేసి కప్పాలి. తర్వాత రైతు సేవా కేంద్రంలో గుప్పెడు గింజలు తేమ యంత్రం గిన్నెలో పోస్తారు. మీట నొక్కాక అంకె నిలబడేదాకా ఎవరూ మాట్లాడరు. 16.8 అంటే బస్తాలు ఎత్తుకోవచ్చు. 19 అంటే మళ్లీ బరకం మీదికే. ఇంతలో ఆకాశం మబ్బు పట్టిందంటే పక్కనే బండితో నిలబడ్డ వ్యాపారి "నేను తీసుకుంటాను, బస్తాకు రెండు కిలోలు తరుగు" అంటాడు. అప్పుడు చేతికొచ్చే ధర మీరు పేపర్లో చదివింది కాదు.

అయినా మద్దతు ధర వట్టిదని నేను అనను. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. అప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను. కొత్త సీజనుకు సాధారణ రకం ధర 1,080 రూపాయలన్నారు, అది ఖర్చుకే చాలదు. పాత పంట ధాన్యం ఇళ్లలోనే ఉండిపోయింది, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, కూలీ పెరిగిపోయింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయవలసి వచ్చింది. గోదావరి నీరు గట్టు పక్కనే పారుతుండగా డెల్టా రైతు నాటనని మొండికేశాడంటే, ధర అడుగు ఊడిపోతే ఏమవుతుందో మిగతాది ఊహించుకోండి. వ్యాపారికి అమ్మేవాళ్లకు కూడా ఆ అంకె పనికొస్తుంది, అతని బేరం మొదలయ్యేది అక్కడి నుంచే. దాళ్వాలో లావు గింజ రకమైన బొండాలు వేసి కేరళకు పంపే రైతులకు కొన్నేళ్లు అంతకంటే ఎక్కువే పలుకుతుంది. ధాన్యం ఆరబెట్టే యంత్రాలు ఊరికొకటి ఉంటే ఈ ధర విలువ ఇంకా పెరుగుతుందని నా నమ్మకం. ధర పెంచడం మీద జరిగే చర్చలో పదో వంతు కూడా దాని మీద జరగదు.

ప్రశ్న: మాది కోనసీమలో మామిడికుదురు మండలం, పల్లపు చేను. బీమాకు ప్రీమియం కట్టాను. వర్షాలకు నా చేను సగం పోయింది. బీమా పైసా రాలేదు. కంపెనీ మోసం చేసిందా?

జవాబు: మోసమని అనలేను. బీమా మీ చేనుకు కాదు, మీ ఊరికి. వరికి గ్రామం ఒక యూనిట్. గ్రామంలో నాలుగు చోట్ల పంటకోత ప్రయోగం చేసి, ఆ సగటునే ఊరందరి దిగుబడిగా తీసుకుంటారు.

ఆ ప్రయోగం ఎప్పుడైనా దగ్గరుండి చూడండి. ఏ సర్వే నంబరులో చేయాలో ముందే చీటీ పద్ధతిలో తేలిపోయి ఉంటుంది. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి నాలుగు మూలలా మేకులు పాతి తాడు లాగుతారు. తాడు మీద వాలిన దుబ్బు లోపలిదా బయటిదా అని అక్కడే వాదన మొదలవుతుంది. మొదలు ఎటు ఉంటే అటు లెక్క. ఆ చదరంలోది మాత్రమే కోసి, అక్కడే దులిపి, తూర్పారపట్టి తూకం వేస్తారు. ఈ అంకెను ఊరి హామీ దిగుబడితో పోలుస్తారు. గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటులో నిర్ణీత శాతమే హామీ దిగుబడి. దానికంటే ఎంత తగ్గితే అంత మేరకు ఊరందరికీ పరిహారం. మెరక చేలు ముప్పై బస్తాలు పండితే మీ పల్లపు చేను నష్టం సగటులో కరిగిపోతుంది. మీకు జరిగింది అదే అయి ఉంటుంది.

మీ చేనును విడిగా చూసే వీలు రెండు చోట్ల ఉంది. కోసి చేలో పరిచిన పనలు కోత అయిన పద్నాలుగు రోజుల లోపు తుపానుకో అకాల వర్షానికో తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలి. కుప్ప వేసిన పంటకు ఇది వర్తించదు. రెండోది ముంపు. 2018లో వరికి ముంపు రక్షణను తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి దాన్ని తిరిగి చేరుస్తున్నట్లు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. పల్లపు రైతులకు ఇంతకంటే పెద్ద వార్త లేదు. తీసేసిన ఏడేళ్లూ ఎవరికి మేలు జరిగిందో మాత్రం నాకు అర్థం కాలేదు. దీనికీ 72 గంటల గడువే, బీమా యాప్‌లో చేను ఫొటోలతో సహా. ప్రీమియం కట్టేముందు రాష్ట్ర ప్రకటనలో ఈ రెండు రక్షణలూ మీ జిల్లాకు ఉన్నాయో లేవో చూసుకోండి. వరికి రైతు వాటా ఖరీఫ్‌లో రెండు శాతం, రబీలో ఒకటిన్నర శాతం మించదు.

బీమాతో సంబంధం లేకుండా పెట్టుబడి రాయితీ వేరే ఉంది. నష్టం 33 శాతం దాటితే, నీటిపారుదల భూమికి హెక్టారుకు 17 వేలు 2022లో సవరించిన విపత్తు నిధి నిబంధన. ఎకరానికి సుమారు 6,900, రెండు హెక్టార్ల వరకే. పంట నష్ట జాబితాలో పేరు ఎక్కాలంటే ఇక్కడా ఈ-పంటే ఆధారం.

చేను ఏటా మునుగుతుంటే ముందు మీ మురుగు కాలువలో గుర్రపుడెక్క సంగతి చూడండి. నాట్లు వేసిన కొత్తలో వచ్చే ముంపుకైతే స్వర్ణ సబ్-1 రకం రెండు వారాల దాకా తట్టుకుంటుంది. వెన్ను పొట్టలో ఉన్నప్పుడూ, గింజ పాలుపోసుకునేటప్పుడూ వచ్చే ముంపుకు అది పనిచేయదు. విత్తనం గురించి మార్టేరు వరి పరిశోధనా స్థానాన్ని అడగండి. 1925 నుంచి వారి పని ఇదే.

ప్రశ్న: కాలువలకు జూన్ మొదట్లోనే నీళ్లు వదులుతున్నారు. మా ఊళ్లో జూలై దాకా ఎవరూ ఆకుమడి (నారుమడి) పోయరు. ముందు వదిలి ఏం లాభం?

జవాబు: పోయకపోతే లాభం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన వ్యవసాయానికి అసలైన పంచాంగం కాలువే. స్వర్ణ రకం వరి నూట యాభై రోజుల పంట. జూన్ 10న ఆకుమడి పోస్తే నవంబరు మొదటి వారానికి కోత, జూలై 10న పోస్తే డిసెంబరు మొదటి వారానికి. 2023లో మిచౌంగ్ తుపాను తీరం దాటింది డిసెంబరు 5న. ఆలస్యంగా నాటిన చేలు ఆనాడు ఎలా ఉన్నాయో మీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. 2025లో మోంథా అక్టోబరు 28 రాత్రే వచ్చి ఈ లెక్కను కొంత వెక్కిరించింది, నిజమే. అయినా సార్వా వెనకబడితే దాళ్వా కూడా వెనకబడుతుంది. మార్చిలో గోదావరి సన్నగిల్లి, ఎగువన సీలేరు జలాశయాల నీటి కోసం చూస్తూ, వంతులవారీగా తడి పెట్టుకునే రోజుల్లో మీ చేను పొట్ట మీద ఉంటుంది. ఒక్కరే ముందు పోస్తే ఎలుకలూ పక్షులూ మీ మడి మీదే పడతాయి కాబట్టి, బోదె (పిల్లకాలువ) కింది రైతులంతా ఒకే వారంలో పోసేలా మాట్లాడుకోండి.

ప్రశ్న: పక్క రైతు వరి చేనును రొయ్యల చెరువు చేస్తానంటున్నారు. నా పొలం పాడవుతుందా?

జవాబు: ఉప్పునీరు పెట్టి, మధ్యలో ఉప్పు ఊటను మళ్లించే ఊట కాలువ వదలకపోతే పాడవుతుంది. అనుమతి లేకుండా చెరువు తవ్వకూడదు. దరఖాస్తు దశలోనే మీ అభ్యంతరాన్ని తహసీల్దారుకు, మత్స్యశాఖకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఈలోగా మీ చేలో మూడు నాలుగు చోట్ల మట్టి తీసి లవణ పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోండి. చెరువులోకి నీరు ఎక్కాక తీసిన మట్టిలో ఉప్పు తేలితే, అది మొదటి నుంచీ మీ భూమిలోనే ఉందని అంటారు.